బెల్లుకు ముందే వచ్చే పిల్లలు, బడిలో ఆగే బండ్లు: నిబంధనలు ఎలా పెట్టుకోవాలి

మా బడిలో మొదటి బెల్లు తొమ్మిదింటికి. పక్క ఊళ్ల పిల్లలను తెచ్చే పల్లెవెలుగు బస్సు మాత్రం ఏడూ నలభైకే వచ్చేసేది. ఆ తర్వాతి బస్సు పదింటికి గానీ లేదు. గేటు తాళం ఎనిమిదిన్నరకు తీసేవాళ్లం. ఆ యాభై నిమిషాలు పిల్లలు గేటు బయట, తారురోడ్డు అంచున బ్యాగుల మీద కూర్చునేవాళ్లు. డిసెంబరులో ఒక పొద్దున ఏడో తరగతి పిల్లవాడు గేటెక్కి లోపలికి దూకబోయాడు. పైనున్న ఇనుప మొన తగిలి అరచెయ్యి చీరుకుపోయింది. నేను చేరేసరికి ఒక పిల్ల బోరింగు కొడుతుంటే వాడు చెయ్యి కడుక్కుంటున్నాడు. ఇంకో అమ్మాయి తన చున్నీ కొస చింపి పట్టుకుని నిలబడింది. "ఎవరికీ ఎందుకు చెప్పలేదురా?" అంటే, "గేటెక్కినందుకు కొడతరని సార్" అన్నాడు.

వాడు గేటెక్కడం తప్పే. కానీ ఏడూ నలభై నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ ముప్పై మంది పిల్లలు ఎవరి బాధ్యతో మా బడిలో ఎవరినడిగినా జవాబు లేదు. తల్లిదండ్రులు బడికి పంపేశామనుకుంటారు. మేము ఇంకా బడి మొదలు కాలేదనుకుంటాం. ఆ తర్వాత నేను పనిచేసిన రెండు బడుల్లోనూ ఈ సమయం గురించి, దానితోపాటు ఆవరణలోకి వచ్చే సైకిళ్లూ బైకుల గురించి నిబంధనలు రాయించాను. కొన్ని పనిచేశాయి. కొన్ని తప్పని తేలి మార్చుకున్నాం. మీరు హెడ్‌మాస్టరైనా, టీచరైనా, ఎస్‌ఎంసీలో (బడి యాజమాన్య కమిటీలో) ఉన్న తల్లో తండ్రో అయినా, మీ బడికి ఇలాంటివి రాసుకోవాలనుకుంటే ఈ వరసలో చేయండి.

1. ముందు వారం రోజులు గేటు దగ్గర కూర్చోండి

నిబంధన రాయడానికి ముందు లెక్క కావాలి. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు, ఏడున్నరకల్లా గేటు దగ్గర ఒకరు నోట్‌బుక్కుతో ఉండాలి. పావుగంటకోసారి గీత గీసి, ఆ పావుగంటలో వచ్చినవాళ్ల పేరు, తరగతి, ఎలా వచ్చారన్నది రాయాలి: బస్సు, ఆటో, సైకిలు, నడక, నాన్న బండి. ఆరు రోజులు ఎందుకంటే, ఒక్కరోజు చూస్తే మోసపోతాం. సంత రోజు లెక్క వేరు, శనివారం లెక్క వేరు.

ప్రతి పిల్లనూ మెల్లగా ఒక్క మాట అడగండి: "ఇంత పొద్దున ఎందుకొచ్చావు?" తిట్టినట్టు ఉండకూడదు. జవాబులు నాలుగు రకాలుగా వస్తాయి. ఆ బస్సు తప్పితే ఇంకో బస్సు లేదనేవాళ్లు ఎక్కువ. అమ్మానాన్నలు పొద్దున్నే పనికి పోతారనేవాళ్లు తర్వాత. ఆడుకోవడానికి వచ్చేవాళ్లు కొందరు. ఇంకొందరు ఏమీ చెప్పరు. చెప్పనివాళ్ల పేర్ల కింద గీత గీసుకోండి. ఇంట్లో ఉండలేక బడికి వచ్చే పిల్లలు వాళ్లలోనే ఉంటారు. వాళ్లతో క్లాస్ టీచరు విడిగా, తీరిగ్గా మాట్లాడాలి. విన్నదాన్ని బట్టి అవసరమైతే 1098కి ఫోన్ చేయాలి. అది పిల్లల హెల్ప్‌లైన్, డబ్బు పడదు.

రెండో రకం గురించి ఒక తల్లి నాతో అన్న మాట: "ఏం జెయ్యాలె సారూ, ఏడింటికే పత్తి ఏరనీకి పోవాలె. పోరిని ఒక్కదాన్నే ఇంట్ల ఎట్ల ఉంచుత? బడికాడ నలుగురుంటరు గదా." ఆమెకు బడి గేటు బయట ఉండటం కూడా ఇంట్లో ఒంటరిగా ఉండటం కంటే నయం. 'ఎనిమిదిన్నరకు ముందు విద్యార్థులు రాకూడదు' అని నోటీసు అంటించే ముందు ఈ తల్లిని గుర్తుపెట్టుకోండి. ఆ నోటీసు వల్ల పిల్ల ఇంట్లో ఉండదు, రోడ్డు మీద ఉంటుంది.

2. బస్సు టైము మారుతుందేమో అడగండి

చాలామంది ఈ పని చేయకుండానే వదిలేస్తారు. మీ నోట్‌బుక్కు లెక్కను ఒక పేజీలో రాసి, ఏ ఊరి నుంచి ఎంతమంది, ఇప్పుడు బస్సు ఎన్నింటికి, ఎన్నింటికి కావాలి అన్నది స్పష్టంగా పెట్టి, హెడ్‌మాస్టరు సంతకంతో ఆర్టీసీ డిపో మేనేజరుకు ఇవ్వండి. ఫోన్‌లో చెప్తే సరిపోదు, కాగితం ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. సర్పంచి, ఎస్‌ఎంసీ ఛైర్మన్ కూడా సంతకం పెడితే బరువు పెరుగుతుంది.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది కాబట్టి, జీరో టికెట్‌తో వచ్చే అమ్మాయిల లెక్కా, బస్ పాస్‌తో వచ్చే అబ్బాయిల లెక్కా విడిగా రాస్తే డిపోవాళ్లకు అర్థమవుతుంది. మారిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. మారకపోయినా మీరు అడిగారన్న కాగితం బడి ఫైల్లో ఉంటుంది.

3. గేటు తీసే టైము ఒకటే పెట్టుకోండి

తొలి బస్సు దిగే టైముకు ఐదు నిమిషాల ముందు గేటు తెరుచుకోవాలి. అంతే. మీ బస్సు ఏడూ నలభైకి అయితే గేటు ఏడూ ముప్పై ఐదుకు. 'ఉపాధ్యాయులు వచ్చాక' అని రాయకండి, అంకె రాయండి.

పెద్ద గేటు మొత్తం తీయక్కర్లేదు. పక్కన మనిషి పట్టే చిన్న గేటు ఉంటే అది చాలు. పెద్ద గేటు మూసి ఉంటే ఆ సమయంలో బండ్లు లోపలికి రావు. ఈ ఒక్క ఏర్పాటుతో ముందు వచ్చే పిల్లలు ఒకవైపు, బండ్లు ఒకవైపు అయిపోతాయి. చిన్న గేటు లేని బడిలో పెద్ద గేటు ఒక రెక్కే తీసి రెండో రెక్కకు గొళ్లెం వేయండి. మీ గేటు పైన మొనలుంటే వెల్డింగ్ అతన్ని పిలిచి కోయించి, పైన గుండ్రటి పైపు పెట్టించండి. పిల్లలు గేటెక్కకుండా చూడటం వేరు, ఎక్కినవాడి చెయ్యి తెగకుండా చూడటం వేరు. రెండూ మన పనే.

తాళంచెవులు రెండు ఉండాలి. ఒకటి అటెండరు దగ్గరో వాచ్‌మన్ దగ్గరో, రెండోది బడికి దగ్గర్లో ఉండే ఇంకొకరి దగ్గర. ఒక్క తాళంచెవి ఉన్న బడిలో ఆ మనిషికి జ్వరం వస్తే ముప్పై మంది పిల్లలు రోడ్డు మీదే.

4. లోపల ఒకే చోటు చూపించండి

గేటు తీశాం కదా అని బడంతా తెరిచి వదిలితే అది ఇంకో ప్రమాదం. ముందు వచ్చేవాళ్లకు ఒక్క వరండా చాలు. ఏ వరండా అంటే:

- రోడ్డు మీద నుంచి చూస్తే కనబడేది. భవనం వెనకది కాదు.
- లైటు ఉన్నది. చలికాలంలో ఏడున్నరకు కూడా మంచు పట్టి మసకగా ఉంటుంది.
- టాయిలెట్, మంచినీళ్లు ఇరవై అడుగుల్లో ఉన్నది. టాయిలెట్‌కు తాళం వేసి ఉంచితే ఇదంతా దండగ. అమ్మాయిల టాయిలెట్ తాళం గేటు తాళంతో పాటే తీయాలి.

తరగతి గదులు, ల్యాబు, మేడ మెట్లు మూసే ఉండాలి. మధ్యాహ్న భోజనం వంటగది వైపు ఎవరూ వెళ్లకూడదు. అక్కడ పొద్దున్నే పొయ్యి వెలుగుతుంది. కట్టెల మోపులు ఉంటే పాములు కూడా ఉంటాయి. గేటు తీసిన మనిషి పిల్లల కంటే ముందు వరండా అంతా ఒకసారి నడిచి చూడాలి. రాత్రంతా అక్కడ పడుకున్న కుక్కలను తోలాలి. దీనికి రెండు నిమిషాలు పడుతుంది. దీన్ని నిబంధనలోనే రాయండి, రాయకపోతే మూడో రోజుకే మర్చిపోతారు.

ఆటల సంగతి మీద మా స్టాఫ్‌రూమ్‌లో పెద్ద వాదన జరిగింది. పిల్లలు మైదానంలో ఆడుకోకూడదా అని ఒకరు, పెద్దవాళ్లు లేకుండా వద్దని ఒకరు. నా అభిప్రాయం ఇది: డ్యూటీ టీచరు వచ్చేదాకా వరండాలో ఆడే ఆటలు చాలు. క్యారమ్స్, చెస్, అష్టాచెమ్మా. టీచరు వచ్చాక, మామూలుగా ఎనిమిదింపావుకు, కబడ్డీ, ఖోఖో మొదలుపెట్టొచ్చు. క్రికెట్ బంతి మాత్రం బెల్లుకు ముందు బయటికి తీయకండి, ఆ సమయంలోనే సైకిళ్లు, బండ్లు వస్తుంటాయి.

5. ఆ సమయానికి ఒక పేరు రాయండి

మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి. ఏ రోజు, ఏ టైము నుంచి ఏ టైము దాకా, పిల్లల దగ్గర ఎవరుంటారు? 'స్టాఫ్ చూసుకుంటారు' అని రాస్తే ఎవరూ చూసుకోరు. సోమవారం ఎదురుగా ఒక పేరు, మంగళవారం ఎదురుగా ఇంకో పేరు ఉండాలి.

టీచర్లలో సగంమంది ముప్పై నలభై కిలోమీటర్ల దూరం నుంచి వస్తారు. వాళ్లను ఏడున్నరకు రమ్మంటే రెండు వారాలు వస్తారు, మూడో వారం నుంచి సాకులు మొదలవుతాయి. అందుకని ఊళ్లోనే ఉండేవాళ్లతో లెక్క వేయండి. మా దగ్గర ఏం చేశామంటే, ఏడూ ముప్పై ఐదు నుంచి ఎనిమిదింపావు దాకా ఎస్‌ఎంసీ తల్లిదండ్రుల్లో ఇద్దరు, ఎనిమిదింపావు నుంచి బెల్లు దాకా ఒక టీచరు. వచ్చిన టీచరుకు సాయంత్రం చివరి పీరియడ్ డ్యూటీ నుంచి మినహాయింపు. ఊరికే అదనపు పని పెడితే అది నిలవదు, ఇంకోచోట తగ్గించాలి.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఎస్‌ఎంసీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అంటే మీకు కావలసిన మనుషులు చట్టప్రకారమే కమిటీలో ఉన్నారు. మీటింగ్ పెట్టి సంతకాలు పెట్టించుకుని పంపించేయకుండా, ఈ పని అప్పగించండి.

రెండు జాగ్రత్తలు. వచ్చే తల్లిదండ్రులు ఎప్పుడూ ఇద్దరుండాలి, అందులో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. ఒక పెద్దమనిషి ఒక్క పిల్లతో మూసిన గదిలో ఉండే పరిస్థితి ఎప్పుడూ రాకూడదు, ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే. ఇక వంట చేసే అక్కలు పొద్దున్నే వస్తారు కదా అని ఈ పని వాళ్ల నెత్తిన వేయకండి. వాళ్ల కళ్లు పొయ్యి మీద ఉండాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ముందొచ్చిన పిల్లలతో ఊడిపించడం, నీళ్లు మోయించడం, టీచరు బండి తుడిపించడం లాంటివి చేయించకూడదు. దూరం నుంచి వచ్చే పిల్లలు చాలావరకు పేదింటి పిల్లలే. బస్సు టైము వల్ల ముందొచ్చినందుకు వాళ్లే రోజూ బడి ఊడవాల్సి వస్తే అది వాళ్ల మీద పడిన శిక్షే. చదువుకుంటామంటే లైబ్రరీ పెట్టె తెరిచి ఇవ్వండి. తినకుండా వచ్చినవాళ్లెవరో వారంలో తెలిసిపోతుంది. వాళ్లకు ఏదో ఒకటి పెట్టే ఏర్పాటు ఊళ్లో అడిగితే జరుగుతుంది. మా దగ్గర ఒక కిరాణా కొట్టు ఆయన రోజూ బిస్కెట్ ప్యాకెట్లు పంపేవాడు.

6. బడి మ్యాపు గీసి, కాళ్ల దారి, చక్రాల దారి విడదీయండి

ఇప్పుడు బండ్ల సంగతి. ఒక తెల్లకాగితం మీద బడి ఆవరణ గీయండి. గేటు, చెట్లు, బోరింగు, ప్రేయర్ చేసే చోటు, వంటగది, టాయిలెట్లు. పిల్లలు నడిచే దారులు నీలం పెన్నుతో, ఇప్పుడు బండ్లు పోయే దారులు ఎర్ర పెన్నుతో గీయండి. రెండు రంగులు ఎక్కడ ఒకదాన్నొకటి దాటుతున్నాయో అక్కడే మీ ప్రమాదం ఉంది. చాలా బడుల్లో అది గేటు లోపలి మొదటి ఇరవై అడుగులు. ఇంకోటి, నీడ కోసం టీచర్లు బైకులు పెట్టే వేపచెట్టు కింద. మధ్యాహ్నం పిల్లలు కంచాలు పట్టుకుని కూర్చునేదీ అక్కడే.

నిబంధన: బండ్లన్నీ గేటు దగ్గర్లోనే ఆగాలి, పిల్లలు లోపలికి పోవాలి. బండి ఎంత లోపలికి పోతే అంతమంది పిల్లల మధ్య నుంచి పోతుంది. గేటు పక్క గోడ వెంబడి చోటు చూసుకోండి. చెట్టు నీడ పిల్లలకు వదిలేసి, బండ్లకు రేకుల షెడ్డు వేయించుకోవడం న్యాయం. షెడ్డుకు డబ్బు లేకపోతే బండ్లు ఎండలో ఉండనివ్వండి.

సైకిళ్ల స్టాండుకు కొలత ఇలా వేసుకోండి. ఒక సైకిలుకు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కావాలి. అరవై సైకిళ్లను ఒకే వరసలో పెడితే 120 అడుగుల గోడ కావాలి. అంత లేదు కదా? ఎదురెదురుగా రెండు వరసలు పెట్టి మధ్యలో ఆరడుగుల దారి వదలండి. అరవై అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పు చాలు. ఇనుప స్టాండు ఉంటే మంచిది, లేకపోయినా ఫర్వాలేదు. మా పీఈటీ సారు కబడ్డీ కోర్టు గీసినట్టే సున్నంతో గీతలు గీశాడు. రెండడుగులకు ఒక గీత, ప్రతి గడికి ఒక నంబరు. మొదటి రెండు రోజులు నవ్వారు, మూడో రోజు నుంచి తమ నంబరులో ఇంకొకడు పెడితే గొడవకు వచ్చారు. సైకిలు పడితే దాని పక్కవన్నీ వరసగా పడిపోయే బాధ తప్పింది. వాన పడితే సున్నం పోతుంది, నెలకోసారి మళ్లీ గీయాలి. సిమెంటు నేల ఉన్నచోట పెయింటు వేయండి.

గేటు నుంచి స్టాండు దాకా సైకిలు దిగి నడిపించుకుంటూ రావాలి. ఈ ఒక్క నిబంధన పాటిస్తే చిన్నపిల్లలకు తగిలే దెబ్బలు దాదాపు ఆగిపోతాయి. ఎవరు పాటిస్తారంటారా? మొదటి వారం గేటు దగ్గర పీఈటీ గానీ హెడ్‌మాస్టరు గానీ స్వయంగా నిలబడాలి. తర్వాత పిల్లలే ఒకరినొకరు దింపుకుంటారు.

7. పిల్లలు బైకులు తెస్తే

తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలు అన్న బైకు మీదో, నాన్న స్కూటీ మీదో రావడం ఇప్పుడు పల్లెల్లోనూ మామూలైంది. చట్టం ఏం చెబుతోందో ముందు మీకు తెలిసి ఉండాలి, తల్లిదండ్రులకు చెప్పేది మీరే కాబట్టి.

మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 50 సీసీ మించని బైకుకు మాత్రం 16 ఏళ్లకు, అదీ లైసెన్సుతో, అనుమతి ఉంది. ఇళ్లలో ఉండే స్కూటీలు, బైకులు దాదాపు అన్నీ 50 సీసీకి మించినవే. కాబట్టి ఆ మినహాయింపు మన పిల్లలకు పనికిరాదు. 2019లో చట్టాన్ని సవరించి 199-ఏ సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే తండ్రి లేదా సంరక్షకుడు లేదా బండి యజమాని మీద మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ప్రమాదం జరిగితే ఎదుటివాళ్లకు ఇవ్వాల్సిన పరిహారం బండి యజమాని మెడకు చుట్టుకునే ప్రమాదం కూడా ఉంది.

వీటిలో తల్లిదండ్రులను కదిలించేది ఏదో చెప్పనా? జైలు కాదు, జరిమానా కాదు. "25 ఏళ్ల దాకా లైసెన్సు రాదు" అన్న మాట. పోలీసు ఉద్యోగమో, డ్రైవర్ పోస్టో అనుకునే ఇంట్లో అది గట్టిగా తగులుతుంది.

బ్యాటరీ బండ్ల సంగతి అడుగుతారు. 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న బ్యాటరీ బండికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది వస్తే స్టాండులో సైకిళ్ల పక్కన పెట్టించండి, గేటు లోపల నడపకుండా. నంబరు ప్లేటు ఉన్న బ్యాటరీ స్కూటర్ మాత్రం మామూలు బైకు కిందే లెక్క.

ఇక 'బైకులు లోపలికి రానివ్వం' అని గేటు మూస్తే ఏమవుతుంది? రోడ్డవతల కిరాణా కొట్టు ముందు పెట్టి, రోడ్డు దాటి వస్తారు. బండి మన కంటికి కనబడదు, ఉండటం మాత్రం ఉంటుంది. అందుకని నిషేధంతో పాటు ఇవి చేయండి. కొట్టు యజమానితో మాట్లాడి, యూనిఫాంలో ఉన్నవాళ్ల బండ్లు అక్కడ పెట్టనివ్వొద్దని అడగండి. అదే రోజు తండ్రికి ఫోన్ చేసి, సాయంత్రం వచ్చి బండి తీసుకెళ్లమనండి. పిల్లవాడి చేతికి తాళం ఇవ్వకండి. తండ్రి వచ్చినప్పుడు పిల్లవాడి ముందు తండ్రిని తక్కువ చేసి మాట్లాడకండి. పక్కకు తీసుకెళ్లి, "అన్నా, వాడు ఎట్లా వస్తే బాగుంటుందో చూద్దాం" అనండి. చాలాసార్లు బస్సు లేకనే బండి ఇచ్చి ఉంటారు. అప్పుడు రెండో మెట్టులో చెప్పిన బస్సు లెటర్‌లో ఈ ఊరి పేరు కూడా చేరుతుంది.

టైర్లలో గాలి తీయడం, ప్లగ్గు పీకడం, బండి తాళం వారం రోజులు బీరువాలో పెట్టడం చేయకండి. గాలి తీసిన బండిని వాడు మూడు కిలోమీటర్లు తోసుకుంటూ చీకట్లో ఇంటికి పోవాలి. ఒకసారి మా బడిలోనే అలా జరిగింది, ఆ రాత్రి తొమ్మిది దాకా పిల్లవాడు ఇంటికి చేరలేదని తల్లి ఫోన్ చేస్తే గానీ మాకు తెలియలేదు.

8. టీచర్ల బండ్లకు ముందు నిబంధన

ఇది రాయడానికి కొంచెం ధైర్యం కావాలి. పిల్లలు సైకిలు దిగి నడవాలంటే టీచర్లు కూడా గేటు దగ్గర బైకు ఇంజిను ఆపి తోసుకుంటూ రావాలి. కార్లు పెట్టుకునేవాళ్లు ముక్కు బయటికి వచ్చేలా రివర్స్‌లో పెట్టుకోవాలి, పొద్దున పిల్లలు తక్కువున్నప్పుడే. సాయంత్రం పిల్లల మధ్య వెనక్కి తీయాల్సిన పని ఉండదు. లాంగ్ బెల్ కొట్టాక పది నిమిషాల వరకు ఏ బండీ కదలకూడదు, హెడ్‌మాస్టరుదైనా, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారిదైనా.

టీచర్లు హెల్మెట్ పెట్టుకుని రావాలి. బండి మీద వెనక కూర్చున్న పిల్లకు కూడా నాలుగేళ్లు దాటితే హెల్మెట్ తప్పనిసరి. తమ పిల్లల్ని అదే బడికి తెచ్చుకునే టీచర్లు దీన్ని పాటిస్తే గేటు దగ్గర చూసే ముప్పై మంది తల్లిదండ్రులకు వేరే చెప్పక్కర్లేదు.

బియ్యం లారీ, గ్యాస్ ఆటో, గుడ్ల బండి వంటివి ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింపావు దాకా లోపలికి రాకూడదు. ఫోన్ చేసి టైము చెబితే వాళ్లు మార్చుకుంటారు.

9. గేటు బయట

ఆటోలు, తండ్రుల బైకులు గేటుకు అటూ ఇటూ ముప్పై అడుగుల దూరంలో ఆగాలి. గోడ మీద పెయింటుతో గీత కొట్టించండి. పిల్లలను రోడ్డుకు బడి ఉన్న వైపే దింపాలి. ఆటో డ్రైవర్లను నేరస్తుల్లా చూడకండి. ఒకరోజు టీ పెట్టించి కూర్చోబెట్టండి. ఎంతమందిని ఎక్కించుకుంటున్నారో, ఏ ఊరి నుంచి ఎన్నింటికి బయల్దేరుతున్నారో వాళ్లే చెప్తారు. ఫోన్ నంబర్లు తీసుకోండి. ఆటో రాకపోతే మొదట తెలియాల్సింది బడికి.

10. ఇప్పుడు రాయండి

ఒక్క పేజీ దాటకూడదు. ఎస్‌ఎంసీ మీటింగ్‌లో చదివి, మార్పులు చేసి, తీర్మానంగా రిజిస్టర్‌లో రాసి, గేటు దగ్గర, నోటీసు బోర్డు మీద పెట్టండి. చదవలేని తల్లిదండ్రులకు పేరెంట్స్ మీటింగ్‌లో చదివి వినిపించండి. నమూనా ఇదిగో, టైములు మీవి వేసుకోండి:

"చిన్న గేటు ఉదయం 7:35కు తెరుస్తారు. అంతకు ముందు రావాల్సిన పిల్లలు ఉంటే క్లాస్ టీచరుకు చెప్పాలి. 8:15 వరకు పిల్లలు ముందు వరండాలో ఉండాలి. బెల్లు దాకా వాళ్లను చూసుకునేవారి పేర్లు కింద ఉన్నాయి. సైకిలు గేటు దగ్గర దిగి నడిపించుకు రావాలి, తమ నంబరులోనే పెట్టి తాళం వేయాలి. 18 ఏళ్ల లోపు విద్యార్థులు బైకు, స్కూటీ మీద బడికి రాకూడదు. వస్తే అదే రోజు తల్లిదండ్రులను పిలిచి బండి అప్పగిస్తాం. పెద్దవాళ్ల బండ్లు గోడ పక్కనే ఆపాలి. లాంగ్ బెల్ తర్వాత పది నిమిషాల దాకా ఏ బండీ కదలకూడదు. దెబ్బ తగిలితే, భయం వేస్తే వెంటనే చెప్పండి. చెప్పినందుకు ఎవరినీ కొట్టం, తిట్టం."

చివరి వాక్యం నా గేటెక్కిన పిల్లవాడి కోసం పెట్టాను. మీరు కూడా ఉంచండి.

దీని కింద పేర్లు, ఫోన్ నంబర్లు, 108, 112 రాయాలి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఆఫీసు రూములో తాళం వేసి ఉంటే పొద్దున ఏడున్నరకు అది లేనట్టే. వరండాలో మేకుకు తగిలించండి.

నిబంధన తప్పినవాణ్ని ఏం చేయాలి? ముందొచ్చాడని గానీ, బైకు తెచ్చాడని గానీ పిల్లవాణ్ని ఇంటికి పంపకండి, ఎండలో నిలబెట్టకండి. లోపల కూర్చోబెట్టి పెద్దవాళ్లతో మాట్లాడండి. అదే ఇంటి నుంచి మూడోసారి జరిగితే ఎస్‌ఎంసీ సభ్యులు ఇద్దరు ఇంటికి వెళ్లాలి.

11. ఒంటిపూట బడులు వచ్చాక మళ్లీ లెక్క వేయండి

మార్చి మధ్య నుంచి బడి ఎనిమిదింటికే మొదలవుతుంది. ఏడూ నలభై బస్సు అప్పుడు సరిగ్గా సరిపోతుంది, పొద్దున సమస్య ఉండదు. కానీ పన్నెండున్నరకు బడి అయిపోయాక, అన్నం తిన్నాక, తిరుగు బస్సు రెండింటికి. గంటన్నర. ఎండ నడినెత్తిన. పొద్దున పేర్లు రాసినట్టే ఇప్పుడు మధ్యాహ్నానికి పేర్లు రాయాలి. అదే వరండా, అదే టాయిలెట్ తాళం, కుండలో నీళ్లు. టీచర్లందరికీ ఆ టైములో ఇంటికి పోవాలనే ఉంటుంది, అర్థం చేసుకోగలను. అందుకే రోజుకు ఇద్దరు చొప్పున వంతులు వేసుకోండి. ఆ ఇద్దరూ పిల్లలతో బస్ స్టాప్ దాకా నడవాలి. ఆఖరి పిల్ల బస్సెక్కాక వెనక్కి వచ్చి గేటుకు తాళం వేసి, నోట్‌బుక్కులో ఎన్నింటికి వేశారో రాసి సంతకం పెట్టాలి.